ప్రార్థిస్తున్నా కష్టం తగ్గనప్పుడు దేవుడిలో బలం, భద్రత ఎలా దొరుకుతాయి?

అమ్మా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. క్లుప్తంగా మీరు రాసింది ఇది. లీజుకు తీసుకున్న రొయ్యల చెరువులో వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బుతో పోయాయి. బ్యాంకులో, మేత డీలరు దగ్గర, తెలిసినవాళ్ళ దగ్గర అప్పు పేరుకుంది. అత్తగారు డయాలసిస్ మీద ఉన్నారు. మీవారు మాట్లాడటం బాగా తగ్గించేశారు. మీరు నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశారు, ఏమీ మారలేదు. పైగా సంఘంలో ఒకావిడ "నీ విశ్వాసం చాలలేదమ్మా" అంది. "దేవుడే నా కోట, నా ఆశ్రయం అని పాడుతున్నాను గానీ రాత్రి ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటోంది. ఆ భద్రత నిజంగా దొరుకుతుందా, పాటల్లోనే ఉంటుందా?" అని అడిగారు.

నేను పల్లె సంఘాల్లో పాస్టరుగా పనిచేశాను. తర్వాత ఒక మిషన్ ఆసుపత్రిలో వార్డులు తిరుగుతూ రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేసే పనిలో ఉండి రిటైరయ్యాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, దొరుకుతుంది. కానీ కష్టం ఇంట్లోకి రాకుండా ఆపే భద్రతగా దొరకదు. వచ్చిన కష్టంలో మనిషి ముక్కలైపోకుండా పట్టుకునే బలంగా దొరుకుతుంది. నాకు కనబడినంతలో అది ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది: ఉన్నది ఉన్నట్టు దేవుడి ముందు చెప్పుకోవడం, ఆయన పంపే మనుషుల్ని గడప లోపలికి రానివ్వడం. ఈ రెండోది మనవాళ్ళకి మొదటిదానికంటే కష్టం. అప్పు పడ్డ ఇల్లు ముందు తలుపే వేసుకుంటుంది.

ముందు ఆ "విశ్వాసం చాలలేదు" అన్న మాట సంగతి చూద్దాం. మీకు అప్పు కంటే అదే ఎక్కువ బరువుగా ఉన్నట్టుంది. వైట్ స్పాట్ సీడ్‌తో, అంటే చెరువులో వేసే రొయ్య పిల్లలతో వస్తుంది, పక్క చెరువు వదిలిన నీళ్ళతో వస్తుంది, గట్టు దాటి పాకే పీతలతో వస్తుంది. చెరువు ఎవరిదో, వాళ్ళు ఆదివారం ఎక్కడికి వెళ్తారో దానికి పట్టదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పది వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో ప్రార్థిస్తూ పోయినవాళ్ళు లేరా? ఆ వైపు పెద్దవాళ్ళ దగ్గర ఆ రోజు సంగతి ఎత్తితే, తమ భక్తి గొప్పది కాబట్టి బతికామని చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. "చెట్టు చేతికి దొరికింది, పట్టుకున్నాను" అంటారు, అంతే.

బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు ముగ్గురు స్నేహితులు కూడా మొదట మంచి పనే చేశారు. అతని బాధ చూసి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడిపోయింది. నీలో ఏదో పాపం ఉంది, అందుకే ఇలా జరిగింది అని వాదన మొదలుపెట్టారు. ఆ గ్రంథం చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీద. మీకు ఆ మాట అన్నావిడతో తగువు పెట్టుకోమని అనను. ఆ మాటను మాత్రం దేవుడి మాటగా తీసుకోకండి.

ఇంకోటి ఉంది. మన ఇళ్ళలో 91వ కీర్తన గోడ మీద ఉంటుంది, ఆటో వెనక ఉంటుంది, జనవరి ఒకటో తారీఖు తీసుకునే వాగ్దానం కార్డులో వస్తుంది. "నీకు అపాయం రాదు, నీ పాదానికి రాయి తగలదు" అన్న మాట చదివి మనం దాన్ని బీమా పత్రంలా చూస్తాం. అదే కీర్తనను మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో యేసు ముందు ఎత్తింది ఎవరో గుర్తు చేసుకోండి. సాతాను. గుడి శిఖరం మీద నిలబెట్టి, దూకు, రాసి ఉంది కదా, దూతలు పట్టుకుంటారు అన్నాడు. ఆయన దూకలేదు. దేవుణ్ణి నమ్మడం వేరు, దేవుణ్ణి పరీక్షకు పెట్టడం వేరు అని తేల్చేశాడు. అగ్నిగుండం ముందు నిలబడ్డ షద్రకు, మేషాకు, అబేద్నెగోలు బబులోను రాజు నెబుకద్నెజరుతో అన్నది కూడా అలాంటిదే: మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ విగ్రహానికి మొక్కం. ఆ "ఒకవేళ" దగ్గరే నాకు విశ్వాసం కనిపిస్తుంది. అందులో గ్యారంటీ లేదు, అయినా వాళ్ళు నిలబడ్డారు.

ఇక బలం ఎలా వస్తుందో చెబుతాను. మొదటిది: దేవుడికే ఫిర్యాదు చేయండి.

మీరు రాసిన దాన్లో ఒక వాక్యం దగ్గర ఆగాను: "దేవుడి మీద కోపం వస్తోంది, అలా అనుకోవడం పాపమేమో అని భయంగా ఉంది." అమ్మా, కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో మూడోవంతు దాకా మొరలే, ఫిర్యాదులే. 13వ కీర్తన మొదలవడమే "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. 88వ కీర్తన ఇంకా ఘాటుగా ఉంటుంది. మిగతావాటిలో చాలావరకు చివరికైనా ఒక స్తుతి మాట వస్తుంది. ఇందులో అదీ లేదు. స్నేహితుల్ని, కావలసినవాళ్ళని నాకు దూరం చేశావు అని దేవుణ్ణే అని, చీకటి దగ్గర ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర ఒక "హల్లెలూయా" అతికించలేదు. అలా మాట్లాడే మనిషికి కూడా దేవుడి ముందు చోటుందని దాన్ని అలాగే ఉంచారు.

మన తెలుగువాళ్ళకి ఇది కొత్త కూడా కాదు. భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డ కంచర్ల గోపన్న, మనం రామదాసు అనే ఆయన, తన రాముణ్ణి ఎంత నిలదీశాడో అందరికీ తెలుసు. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెప్పి మరీ అడిగాడు. మతం వేరు గానీ, కష్టంలో ఉన్న భక్తుడి గొంతు అది. దేవుణ్ణి వదిలేసినవాడు దేవుడితో పోట్లాడడు.

వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. కొడుక్కి లారీ గుద్ది కాలు తీసేశారు. నేను వెళ్తే, "అయ్యగారూ, ఇవాళ ప్రార్థన వద్దు. ఆయన మీద నాకు కోపంగా ఉంది" అన్నాడు. సరే అని 88వ కీర్తన ఒక్కటి చదివి, ఆమెన్ కూడా అనకుండా కూర్చున్నాను. ఆయన చాలాసేపు కుర్రవాడి దుప్పటి అంచు మడత పెడుతూ విప్పుతూ ఉన్నాడు. తర్వాత "ఇది బైబిల్లో ఉందా?" అన్నాడు. పేజీ చూపించాను. వేలు పెట్టి తనే మళ్ళీ కూడబలుక్కుంటూ చదువుకున్నాడు. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఆయనే కుర్చీ లాగేవాడు. కాలు తిరిగి రాలేదు, కోపం కూడా ఒక్కసారిగా పోలేదు. మాట్లాడటానికి మాత్రం ఒకరున్నారని ఆయనకు తెలిసింది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఎవరూ లేని చోటు చూసుకోండి, డాబా మీదైనా సరే, చెరువు గట్టైనా సరే. ప్రార్థన భాషలో మాట్లాడకండి. "మహోన్నతుడవైన పరిశుద్ధుడవైన" అని మొదలుపెడితే అలవాటు ప్రకారం పది నిమిషాలు గడిచిపోతాయి, అసలు మాట బయటికి రాదు. మీ అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడండి. ఏ పంటకు ఎంత పెట్టారో, ఏ పొద్దున చచ్చిన రొయ్యలు గట్టుకు కొట్టుకొచ్చాయో, ఎవరు ఏ మాట అన్నారో చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి. చివర్లో స్తుతి చెప్పాలనిపించకపోతే బలవంతంగా చెప్పకండి. రేపు మళ్ళీ వస్తానని చెప్పి లేవండి.

రెండోది: నిద్ర, తిండి. ఇది ఆత్మీయమైన సలహాలా కనబడదని తెలుసు. కానీ ఏలీయా ప్రవక్త కథ చూడండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద గెలుపు చూసినవాడు, ఒక రాణి బెదిరింపుకు పారిపోయి, అడవిలో బదరీ చెట్టు కింద పడి "ప్రభువా, ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవుడు ప్రసంగం చేయలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించి తినమన్నాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినిపించాడు. మాటలు ఆ తర్వాతే, నలభై రోజుల నడక అయ్యాక, హోరేబు కొండ దగ్గర.

ఒక పల్లెలో ఉన్నప్పుడు గుడి తలుపులు మధ్యాహ్నం కూడా తీసి ఉంచేవాళ్ళం. అప్పులవాళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని కదలని రోజుల్లో ఒకావిడ గుడికి వచ్చేది. మొదట మోకరించేది, కాసేపటికి అలాగే పక్కకి ఒరిగి ఫ్యాన్ కింద చాప మీద నిద్రపోయేది. చెప్పులు మాత్రం తల కింద పెట్టుకునేది, ఎవరైనా వస్తే వెంటనే లేచి వెళ్ళిపోవడానికని. నా భార్య చప్పుడు కాకుండా ఒక చెంబుతో నీళ్ళు పక్కన పెట్టి వచ్చేది. "గుడికి నిద్రపోవడానికి వస్తుందా?" అని సంఘ పెద్దల్లో ఒకాయన విసుక్కున్నాడు. ఆశ్రయం అని మనం పాడుతున్నది ఇదే కదండీ అన్నాను. ఇంట్లో కళ్ళు మూతపడని మనిషికి కళ్ళు మూతపడే చోటు దొరికింది.

అందుకే ఇంకో ఉపవాసం మొదలుపెట్టాలన్న మీ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. ఉపవాసానికి నేను వ్యతిరేకిని కాను. డయాలసిస్ మనిషిని చూసుకుంటూ, నిద్ర లేకుండా, కడుపు మాడ్చుకుంటే ప్రార్థన ఎక్కువ కాదు, నీరసం ఎక్కువవుతుంది.

మూడోది, మీరు ఊహించనిది: అప్పుల పద్దు రాయండి.

అష్షూరు రాజు దగ్గర నుంచి యూదా రాజు హిజ్కియాకు బెదిరింపు ఉత్తరం వచ్చింది. అతను దాన్ని దాచిపెట్టలేదు, చించేయలేదు. గుడిలోకి తీసుకెళ్ళి దేవుడి ముందు విప్పి పరిచాడు. తర్వాత, చూడు, వినుము అని ప్రార్థించాడు. రెండో రాజుల గ్రంథం పందొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఇదే హిజ్కియా శత్రువు వస్తున్నాడని తెలిసి ఊరి బయటి నీటి ఊటలు మూయించాడు, కోట గోడ బాగు చేయించాడు, నీళ్ళు ఊళ్ళోకి రావడానికి కొండను తొలిపించాడు. యెరూషలేములో ఆ సొరంగం ఇప్పటికీ ఉంది, అర కిలోమీటరు పైచిలుకు పొడవు, నీళ్ళలో నడుస్తూ వెళ్ళొచ్చు. ప్రార్థన చేసినవాడే ఉలి కూడా పట్టించాడన్నమాట.

మా సంఘంలో బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్ద ఒకాయన ఉండేవాడు. అప్పుల్లో ఉన్న కుటుంబం వస్తే ఆయన, నేను, భార్యాభర్తలిద్దరూ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. ఒక పెద్ద కాగితం మీద ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, నోటు రాసిచ్చారా, తాకట్టు ఏముంది, ఎప్పటికి కట్టాలి అని గీతలు గీసి రాసేవాడు. చాలా ఇళ్ళలో భర్తకు తెలిసిన అప్పు భార్యకు తెలియదు, భార్య చీటీ పాడి వాడిన సంగతి భర్తకు తెలియదు. రెండూ ఒకే కాగితం మీదికి వచ్చిన రోజు కాస్త గొడవ జరుగుతుంది, మామూలే. పూర్తయ్యాక ఆ కాగితం బల్ల మీదే పరిచి, దాని చుట్టూ నిలబడి ప్రార్థించేవాళ్ళం. మొత్తం మనం భయపడినంతే ఉండొచ్చు, ఎక్కువే ఉండొచ్చు. అయినా అంతు తెలియని అప్పుకి, అంకె వేసిన అప్పుకి మనిషి భయపడే తీరు వేరు.

మీ కాగితంలో ముందు చూడాల్సింది బంగారం తాకట్టు వేలం తేదీ ఏమైనా దగ్గర పడిందా అని. తర్వాత రోజువారీ ఫైనాన్స్, ఎక్కువ వడ్డీ చేబదుళ్ళు. బ్యాంకు అప్పు పెద్ద అంకెగా కనబడుతుంది గానీ, పంట పోయిందని రాతపూర్వకంగా చెప్పి గడువు అడగడానికి అక్కడ ఒక పద్ధతి ఉంటుంది. ఫోన్ తీయకుండా తప్పించుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. మేత డీలరు దగ్గరికి మీవారు ఒక్కరే వెళ్ళకుండా, మాట్లాడగలిగిన పెద్దమనిషిని తోడు తీసుకెళ్ళాలి.

రాత్రి ఫోన్ సంగతి కూడా. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ వాళ్ళు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని 2022లో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. తిట్టడం, చుట్టాలకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి వచ్చిందో రాసి పెట్టుకుని ముందు ఆ సంస్థకే ఫిర్యాదు ఇవ్వండి, పలకకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారికి, అంబుడ్స్‌మన్‌కు పెట్టండి. లోన్ యాప్‌లో తీసుకుని ఉంటే, ఫోటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తుంటే, 1930కి ఫోన్ చేయండి. ఇవేవీ చేబదులు ఇచ్చిన మనుషులకు వర్తించవు, వాళ్ళతో మాట పెట్టుకోవడమే దారి. ఏది ఏమైనా రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోవడం దేవుడి మీద నమ్మకం లేకపోవడం కాదు, బాధ్యత తప్పించుకోవడమూ కాదు.

నాలుగోది: మనుషుల్ని రానివ్వండి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఒకసారి తీసి నిదానంగా చదవండి. అపొస్తలుడైన పౌలు ఖైదీగా ఓడలో వెళ్తున్నాడు. తుపాను పద్నాలుగు రోజులు వదల్లేదు. సూర్యుడు, నక్షత్రాలు కనబడక అందరూ ఆశ వదిలేశారు. ప్రాణాలు పోవు, ఓడ మాత్రం పోతుంది అని దేవుడు పౌలుకు చెప్పాడు. ఆ మాట విన్నాక పౌలు చేసిన పనులు గమనించండి. నావికులు దొంగచాటుగా చిన్న పడవ దించుకుని పారిపోబోతుంటే, వీళ్ళు ఓడలో ఉండకపోతే మీరు బతకరు అని సైనికులకు చెప్పాడు. తెల్లవారుతుండగా అందరినీ తినమని బతిమాలాడు, తనే రొట్టె విరిచి ముందు తిన్నాడు. 276 మంది తిన్నారు. తర్వాత ఓడ నిజంగానే బద్దలైంది. ఈత వచ్చినవాళ్ళు దూకి ఈదారు, రానివాళ్ళు పలకలు, ఓడ చెక్కలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. అందరూ చేరారు.

ఇరవై ఏళ్ళ వయసులో నేను ఈ అధ్యాయాన్ని అద్భుతం కోసం చదివాను. ఇప్పుడు ఆ చెక్కల కోసం చదువుతున్నాను. మీ చెరువు లీజు పోవచ్చు, బంగారం పోవచ్చు. పోదని నేను ఎలా చెప్పను? ఒడ్డుకు చేర్చే చెక్క ముక్క ఏదో ఒకటి దొరుకుతుందని మాత్రం చూశాను. తరచుగా అది ఒక మనిషి.

మన ప్రాంతంలోనే జరిగింది ఒకటి చెబుతాను. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరవులో ఒంగోలు చుట్టుపక్కల జనం ఆకలితో రాలిపోతుంటే, అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎక్కువగా మాదిగ పేటల నుంచి వచ్చిన వేలమంది అక్కడ మట్టి తవ్వి, మోసి, కూలి తీసుకున్నారు. సంఘం బోధకులే మేస్త్రీల్లా పని చూసుకున్నారు. సాయం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలంలో పదిహేను నెలల పాటు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ చివరి అంకె చెబుతారు. నాకు ముందుది ముఖ్యం: ఆకలితో ఉన్నవాళ్ళకి దేవుడి ఆశ్రయం ముందు పలుగు, తట్ట, సాయంత్రం కూలి డబ్బుల రూపంలో వచ్చింది. చాలా తెలుగు క్రైస్తవ కుటుంబాల విశ్వాసం ఆ కాలువ గట్టు మీద మొదలైంది.

మీ సంఘంలో స్త్రీల సమాజం ఉంటే, వాళ్ళలో నోరు జారని ఒకావిడను చూసుకుని చెప్పండి. సాక్ష్యంలా మైకులో చెప్పక్కర్లేదు. "డయాలసిస్ రోజున పిల్లలకి అన్నం ఎవరైనా చూస్తారా?" అని ఒక్క పని అడగండి. "మా కోసం ప్రార్థించండి" అంటే అందరూ సరే అంటారు, మర్చిపోతారు. పని అడిగితే ఎవరో ఒకరు వస్తారు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి.

మీకు ఎవరో "పదివేలు విత్తనంగా వేస్తే వందరెట్లు వస్తుంది, అప్పు తీరిపోతుంది" అన్నారని రాశారు. వేయకండి. అప్పు తెచ్చి కానుక వేయమని అడిగేవాడు మీ కష్టం మీద బతుకుతున్నాడు. యేసు మెచ్చుకున్న విధవరాలు రెండు కాసులు తనంతట తాను వేసింది. ఆ మాటకు కాస్త ముందే, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగే శాస్త్రుల్ని, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళని ఆయన తిట్టడం కూడా ఉంది, అది ఎవరూ చదవరు.

ప్రార్థన నూనె రాశామని డయాలసిస్ ఆపకూడదు, ఒక్క విడత కూడా. హిజ్కియా చావు దాకా వెళ్ళినప్పుడు దేవుడు బాగుచేస్తానని మాటిచ్చాడు, అయినా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. పౌలు తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకు ఏం తీసుకోవాలో చెప్పాడు, త్రోఫిము అనే సహచరుణ్ణి జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు. పౌలు విశ్వాసం చాలలేదని ఎవరూ అనలేదు. మీరు ఆంధ్రలో ఉంటే డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పెన్షన్ ఉంది. మీ అత్తగారికి వస్తోందో లేదో రాయలేదు, సచివాలయంలో అడగండి.

ఇది చదివే మిగతా ఆడవాళ్ళకి ఒక మాట. కష్టం అంటే ఇంట్లో కొట్టే భర్త అయితే, "సహించు, దేవుడు చూసుకుంటాడు" అన్న సలహా వినకండి. దేవుడే నా దుర్గం అని పాడిన దావీదు, రాజు సౌలు ఈటె విసిరితే తప్పుకున్నాడు. సౌలు మనుషులు ఇంటిని కాపు కాస్తే భార్య మీకాలు కిటికీలోంచి దించగా రాత్రికి రాత్రి పారిపోయాడు. 59వ కీర్తన ఆ రాత్రి గురించే అని దాని పైన రాసి ఉంది. పారిపోవాల్సిన చోట పారిపోవడం విశ్వాసమే. 181కి ఫోన్ చేయండి. కోర్టు సాయం కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకి ఉచితంగా లాయరును ఇస్తారు, ఆ నంబరు 15100.

చివరగా మీవారి సంగతి. నాకు మీ ఉత్తరం మొత్తంలో ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. అప్పుల్లో ఉన్న మగవాడు మాట్లాడటం మానేస్తే, రాత్రుళ్ళు చెరువు దగ్గరే ఉండిపోతుంటే, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" లాంటి మాట అంటే, అది అలక కాదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా జరగదు. అడిగేవాళ్ళు లేకే మనుషులు పోతున్నారు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులు, చెరువు మందులు ఆయన చేతికి అందకుండా పెట్టండి, ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు. ఏలీయా అంతటివాడే చావు కోరుకున్నాడని ఆయనకు చెప్పండి. ప్రార్థనకు రమ్మని లాగకండి. పక్కన కూర్చుని అన్నం పెట్టండి, మీ పాస్టరు గారు నెమ్మదస్తుడైతే ఆయన్ని ఊరికే చెరువు దగ్గరికి వచ్చి కాసేపు కూర్చోమనండి.

పద్దు రాసే పని ఈ వారంలో అత్తగారికి డయాలసిస్ లేని రోజు చూసి పెట్టుకోండి. అన్నం తిన్నాకే కూర్చోండి. అంకెలు వద్దు గానీ, ఏ రకం అప్పులు ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాస్తే, ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను. మీవారితో మాట్లాడాక ఆయన ఏమన్నారో కూడా రాయండి, దానికి వెంటనే జవాబిస్తాను.